ఒంటిచెవి ప్రయాణికుడు

"సంచి విప్పడం కుదరదు."

ఆ మాట అనడానికి సీఐ హరిప్రసాద్ మాస్కు గడ్డం కిందికి లాక్కున్నాడు. అనేసి మళ్ళీ ముక్కు మీదికి ఎక్కించుకున్నాడు. నోటి తుంపర్లతోనే రోగం పాకుతుందని, ఎవరికి ఫోన్ చేసినా ముందు రికార్డు గొంతు ఒకటి దగ్గి మరీ చెబుతున్న రోజులవి. అయినా మాట్లాడాలంటే మాస్కు దించాల్సిందే. నోరు మూసుకున్నప్పుడే అందరికీ జాగ్రత్త.

డిటెక్టివ్ మొగులయ్య రెండడుగులు వెనక్కి జరిగాడు. భయంతో కాదు, ఒళ్ళుమంటతో. ఈ హరిప్రసాద్ కిందే ఏళ్ళ తరబడి హెడ్ కానిస్టేబుల్‌గా పనిచేసి, ఒకరోజు టోపీ తీసి బల్ల మీద పెట్టి వచ్చేసిన మనిషి అతను. ఇప్పుడు ఆరాంఘర్‌లో టైర్ల షాపు మీద ఒక గది, ఆ గదికి ఒక బోర్డు. అంతే ఆస్తి.

వాళ్ళు నిలబడింది దవాఖాన వెనక, మార్చురీ వరండాలో. లోపల జిప్పు లాగి టేపు చుట్టిన నల్ల సంచిలో ఒక మగ శవం ఉంది. బుధవారం పొద్దున తుక్కుగూడ అవతల ఒక పాత క్వారీ గుంతలో తేలింది. ఎవరో తెలియదు. పరీక్ష చేస్తే కరోనా అని వచ్చింది. ఆ ఒక్క మాటతో ముట్టుకునేవాడు లేడు, కోసి చూసేవాడు లేడు. పంచనామా రాసినవాళ్ళు పదడుగుల దూరం నుంచి తొంగి చూసి, 'నీళ్ళలో నానిన మగ శవం' అని రాసి చేతులు కడుక్కున్నారు. ఈ రోజు సాయంత్రం నాలుగింటికి మున్సిపాలిటీ వ్యాను వస్తుంది. ఆ తరవాత మిగిలేది బూడిద. బూడిదకు పేరుండదు.

"లోపలున్నది నా పెనిమిటి, సారూ," అంది శోభ. గోడకు ఆనుకుని కూర్చుంది. ముఖానికి నీలం గద్వాల చీర కొంగుతో కుట్టిన మాస్కు, దానికి పసుపు అంచు. "ఒక్కపారి ముఖం సూపియ్యున్రి. ఆయన గాకుంటే మీ కాళ్ళు మొక్కి ఇంటికి వోత."

"అమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి? మీ ఆయన సోమవారం మధ్యాహ్నం విమానం ఎక్కి ఢిల్లీ వెళ్ళాడు. ఫోను కూడా ఢిల్లీలోనే ఆగిపోయింది. ఢిల్లీ వెళ్ళినవాడు తుక్కుగూడ గుంతలో ఎలా తేలతాడు?"

శోభ భర్త రాములు వ్యాన్ డ్రైవర్. గగన్‌పహాడ్‌లోని ఒక కంపెనీలో నాలుగు నెలల కిందట చేరాడు. ఎయిర్‌పోర్ట్‌లో జనం విప్పి పారేసిన మాస్కులు, గౌన్లు, చేతి తొడుగులు డబ్బాల నుంచి ఎత్తుకొచ్చి కాల్చెయ్యడం ఆ కంపెనీ కాంట్రాక్టు. విమానం ఎక్కేవాడికి మాస్కు మీద అద్దం, అద్దం కింద గౌను. వాడు దిగి పారేసింది ఎత్తేవాడికి పెళ్ళాం కుట్టిచ్చిన చీరముక్క. సోమవారం పొద్దున ఆ కంపెనీ సూపర్‌వైజర్ శేఖర్ ఇంటి ముందు కారు ఆపి, ఢిల్లీ నుంచి కొత్త బండి తోలుకురావాలని చెప్పి రాములును ఎక్కించుకు పోయాడు. పోయినవాడి గొంతు మళ్ళీ వినపడలేదు.

హరిప్రసాద్ ఫోన్ తీసి వాళ్ళ ముందు పట్టుకున్నాడు. శోభ, మొగులయ్య వంగి చూశారు. వెనక నుంచి జంగయ్య కూడా మెడ చాచాడు. జంగయ్య రాములుకు సొంత తమ్ముడు, ఆటో నడుపుతాడు, ఆ కంపెనీ కిరాయిలు కూడా కొడతాడు. అన్నను ఆ కంపెనీలో పెట్టించింది అతనే. పొద్దుటి నుంచి వదినను, మొగులయ్యను తన ఆటోలోనే తిప్పుతున్నాడు.

వీడియోలో ఎయిర్‌పోర్ట్ బయటి ద్వారం. ఒక మనిషి వస్తున్నాడు. ఒంటి మీద తెల్ల గౌను, ఛాతీ దగ్గర ఎర్ర చార. తలకు ప్లాస్టిక్ టోపీ, ముఖానికి తెల్ల మాస్కు. కనిపించేవి కళ్ళు మాత్రమే. టోపీ పైకి జారినప్పుడల్లా చెవుల మీదికి లాక్కుంటున్నాడు. ఆధార్ కార్డు చూపించాడు. మాస్కు దించమని సెక్యూరిటీ మనిషి చేత్తో సైగ చేశాడు. ఇతను మాస్కు మీద చెయ్యి వేసి, ముందుకు వంగి, గట్టిగా దగ్గాడు. అంతే. సెక్యూరిటీ మనిషి కుర్చీతో సహా వెనక్కి జరిగి, పో పో అన్నట్టు చెయ్యి విసిరాడు.

"కార్డు సరిపోయింది. కార్డులో ఉన్న కళ్ళూ ఇతని కళ్ళూ సరిపోయాయి. ఇంకేం కావాలి?" అన్నాడు హరిప్రసాద్.

"దగ్గు గూడ సరిపోయింది," అన్నాడు మొగులయ్య.

తరవాతి ముక్క విమానం గేటు దగ్గరిది. నీలి చార గౌను వేసుకున్న అమ్మాయి అతనికి ఒక ఫేస్ షీల్డ్ ఇచ్చింది. తలకు తగిలించుకున్నాడు. ఆ క్షణం నుంచి గుడ్డివాడిలా నడిచాడు. చెయ్యి ముందుకు చాచి, లైనుకు కట్టిన తాడుకు తగిలి తూలాడు. అమ్మాయి దగ్గరికొచ్చి, దూరంగానే ఆగి, తన షీల్డు పైమూల గోటితో గీకి చూపించింది. అతను కూడా చెయ్యి పైకెత్తి అక్కడే ఏదో చేశాడు. తరవాత తిన్నగా నడిచి లోపలికి పోయాడు.

"ఆమె ఏం జెప్పింది సార్?" అడిగాడు మొగులయ్య.

"ఏమో. సరిగా పెట్టుకోమని ఉంటుంది. మొదటిసారి ఎక్కుతున్న మనిషి, తికమక పడ్డాడు. నేను చెప్పేదీ అదే, ఇతను రాములే."

"గీకి సూపిచ్చింది. ఏం గీకమన్నది?"

"మొగులయ్యా, నువ్వు డ్యూటీలో ఉన్నప్పుడూ ఇంతే. దొంగను వదిలేసి వాడి చెప్పులు వెతికేవాడివి."

"చెప్పులు దొరికినయి గద సార్. దొంగను మీరే ఒదిలిపెట్టిన్రు."

హరిప్రసాద్ ముఖంలో ఏమైందో మాస్కు దాచింది. శోభ మాత్రం ఫోన్ మీద నుంచి చూపు తిప్పలేదు. ఆగిపోయిన బొమ్మలోని ఆ రెండు కళ్ళనే చూస్తోంది.

"కండ్లు ఆయనయి లెక్కనే ఉన్నయి," అంది చివరికి. "గని ఆయన గాదు. ఆయన అడుగు గట్ల పడదు."

"కండ్లు అన్నయే అయితే మనిషి ఇంకెవడైతడు వదినా?" అన్నాడు జంగయ్య మెల్లగా. "ఫోను పోగొట్టుకున్నడేమో. ఒస్తడు. ఇగ ఇంటికి పోదాం పా."

శోభ అతని మాట వినిపించుకోలేదు. "సారూ, ఆయనకు ఎడమ చెవి లేదు. పసితనంల ఎద్దు కొమ్ము తగిలి ఊడింది. అందుకే చెవులకు తగిలిచ్చే మాస్కు నిలవదు. నేనే తాళ్ళు పెట్టి కుడ్త, ఎనక ముడేసుకుంటడు, మీదికెళ్ళి రుమాల్ కట్టుకుంటడు. ఇగో, నా ముఖానికున్న ఈ కొంగు గుడ్డతోనే సోమారం పొద్దుగాల కొత్తది కుట్టి కట్టిన. సంచి విప్పి చెవి సూడున్రి. చెవి ఉన్నదా, నేనిగ నోరు తెరువ."

"వీడియోలో చెవులు కనిపిస్తున్నాయా? టోపీ ఉంది. చెవి లేదని కప్పుకున్నాడేమో. అది కూడా మీ ఆయనే అనడానికే పనికొస్తుంది," అన్నాడు హరిప్రసాద్. "రోగం ఉన్న శవం. సీలు తియ్యాలంటే నేను కారణం రాసి సంతకం పెట్టాలి. రాములు విమానం ఎక్కలేదని ఒక్క రుజువు తీసుకురా మొగులయ్యా, పెడతాను. నాలుగులోపు."

"ఒకటి ఇప్పుడే ఇస్త. గౌను ఏడిది?"

"మధ్య సీటు వాళ్ళకు విమానం వాళ్ళే ఇస్తారు."

"గేటు కాడ ఇస్తరు. ఈయన బయటి తలుపు కాడికెళ్ళే ఏసుకున్నడు. ఆ విమానపు పిల్లది నీలి చార. ఈయనది ఎర్ర చార. వేరే విమానపోళ్ళది. బజార్ల దొరికేది గాదు. ఎవడో దిగి, డబ్బల పారేసిన గౌను సార్ అది. ఆ డబ్బలు ఎవని చేతికి పోతయి?"

హరిప్రసాద్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మాస్కు దించలేదు కాబట్టి చెప్పడానికి ఏమీ లేదని మొగులయ్యకు అర్థమైంది.

* * *

శోభ దవాఖానలోనే ఉండిపోయింది. గగన్‌పహాడ్ దారిలో ఆటో నడుపుతూ జంగయ్య ఒకే మాట రెండుసార్లు అన్నాడు. "ఒదినను జర సముదాయించున్రి సార్. అన్న ఢిల్లీలనే ఉన్నడు."

"సోమారం నీ ఆటో ఉండంగ, మీ అన్న శేఖర్ కారెందుకెక్కిండు?"

"నేను కర్నూలు కిరాయికి పోయిన. బుధారం ఒచ్చిన."

 శోభ చెప్పిన ఒక మాట మొగులయ్య చెవిలో తిరుగుతోంది. పోయే ముందు రోజు రాములు అన్నం ముట్టలేదట. 'మంది సావును మూటగట్టి అమ్ముతున్నం శోభా' అన్నాడట. ఏందని అడిగితే చెప్పకుండా పడుకున్నాడట.

ఏమిటో షెడ్డు తలుపు తోసేసరికి తెలిసిపోయింది.

చెత్త కాల్చే కంపెనీ అన్నారు. పొయ్యి చల్లగా ఉంది. దాని నోట్లో కుక్క పిల్లల్ని పెట్టింది. ఇటు పక్క మాత్రం మూడు పెద్ద డ్రమ్ములు తిరుగుతున్నాయి. వాటి నీళ్ళలో మాస్కులు. తాళ్ళ మీద ఆరేసిన మాస్కులు. బల్లల దగ్గర ఆడవాళ్ళు ఇస్త్రీ పెట్టెలతో ఒక్కొక్కటీ సాఫు చేసి, పొడి చల్లి, కొత్త కవర్లలో దూర్చుతున్నారు. కవరు మీద నవ్వుతున్న డాక్టరమ్మ బొమ్మ.

మొగులయ్య ఇస్త్రీ అయిన మాస్కు ఒకటి ఎత్తి వెలుతురుకు పట్టాడు. లోపలి పొరలో చిన్న ఎర్ర మరక. ఎవరివో పెదాలు.

"గది ఎంత ఉతికినా పోతలేదు సారూ," అంది ఇస్త్రీ బల్ల దగ్గరి అనంతమ్మ. కొనేవాడే అనుకున్నదో ఏమో, దాచలేదు. "గసొంటియి నల్ల మాస్కులల్ల కలుపుతం."

"మీరు ఏయి పెట్టుకుంటరమ్మా?"

"మేమా? మేము కొంగు కట్టుకుంటం. గియి ముట్టం." తన మాటకు తనే నవ్వుకుంది. ఆ నవ్వులో ఏం ఉందో ఆమెకే తెలియదు.

బల్ల కింద ఒక గంప ఉంది. అందులో రంగురంగుల గుడ్డ మాస్కులు కుప్పగా పడున్నాయి.

"అవేంది?"

"తాళ్ళయి, ఇంట్ల కుట్టినయి. అమ్ముడువోవు. బండి తుడుసుకోను పనికొస్తయని గట్లనే పడేస్తం."

మొగులయ్య గంప ముందు కూర్చున్నాడు. చేత్తో కెలకాల్సిన పని లేకపోయింది. పైనుంచి రెండోదో మూడోదో, నీలం గద్వాల గుడ్డ. పసుపు అంచు. నాలుగు తాళ్ళలో రెండు తెగిపోయి ఉన్నాయి. ముడి విప్పినట్టు లేదు, లాగి తెంపినట్టు ఉంది.

దాన్ని జేబులో పెట్టుకుని లేచేసరికి ఎదురుగా శేఖర్ నిలబడ్డాడు. ముప్ఫై దాటని మనిషి. ఇస్త్రీ చొక్కా, ముక్కు కింద మాస్కు.

"ఎవరన్నా నువ్వు? అడుగకుండ లోపటికి ఎట్లొచ్చినవ్?"

"తలుపు తీసే ఉన్నది. నీ పొయ్యి లెక్క సల్లగ." మొగులయ్య తన కార్డు చూపించాడు. "రాములు గురించి ఒచ్చిన."

"ఢిల్లీ పోయినోని గురించి నన్ను అడిగితే నేనేం జెప్త? ఆగు, సీఐ సాబ్‌కు ఫోన్ చేస్త."

"చెయ్యి. ఆయన గూడ వింటే మంచిదే."

ఫోన్ చెయ్యాల్సిన పని కూడా లేకపోయింది. బయట జీపు ఆగిన చప్పుడైంది. హరిప్రసాద్ ఎర్ర చార గౌను గురించి దారంతా ఆలోచించి ఉంటాడు. లోపలికి వస్తూనే తాళ్ళ మీది మాస్కులు చూశాడు, డ్రమ్ములు చూశాడు. చేత్తో తన మాస్కు ఒకసారి తడుముకున్నాడు. అది ఎక్కడ కొన్నాడో గుర్తు తెచ్చుకుంటున్నట్టుంది.

"ఈ ఉతుకుడు సంగతి తరవాత తేలుస్తాను," అన్నాడు శేఖర్‌తో. "మొగులయ్యా, నువ్వు ఇక్కడ దౌర్జన్యం చేస్తున్నావా?"

"మూడు మాటలు అడుగుత సార్. తరువాత నన్నే జీపుల ఎక్కియ్యున్రి." శేఖర్ వైపు తిరిగాడు. "సోమారం రాములును ఇంటి కాడ ఎక్కిచ్చుకొని ఏడికి తీస్కపోయినవ్?"

"సీదా ఎయిర్‌పోర్ట్‌కు."

"నడుమ ఏడ ఆపలే?"

"ఏడ ఆపలే. టైం ఏడిది?"

మొగులయ్య జేబులోంచి నీలం మాస్కు తీసి బల్ల మీద పరిచాడు. ఇస్త్రీ పెట్టెలు ఆగిపోయాయి.

"ఇది సోమారం పొద్దుగాల రాములు పెండ్లాం కుట్టి కట్టింది. దీని జోడు ఆమె ముఖానికి ఉన్నది, సీఐ సార్ గూడ సూశిండు. ఏడ ఆపకపోతే ఈ గంపలకెట్లొచ్చింది?"

శేఖర్ ఒక్క క్షణం మొగులయ్య భుజం మీదుగా గుమ్మం వైపు చూశాడు. అక్కడ జంగయ్య ఆటో తాళం చెవి వేలికి తిప్పుతూ నిలబడి ఉన్నాడు. శేఖర్ చూపు వెనక్కి తెచ్చుకుని, మాస్కు దించి నవ్వాడు.

"అరె, మర్శిపోయిన. రెండు నిమిషాలు ఈడ ఆగినం. గా చీర పీలికతోని విమానంల ఎక్కనియ్యరు గద అన్నా. నేనే జెప్పి తీసేపిచ్చిన. డబ్బల కెళ్ళి కొత్త మాస్కు ఇచ్చిన. టోపీ, గౌను గూడ నేనే ఇచ్చిన. భయపడుతుండె, పాపం."

హరిప్రసాద్ తల ఊపాడు. ఎర్ర చారకు, నీలం మాస్కుకు, రెండింటికీ ఒకే దెబ్బతో జవాబు దొరికింది. "విన్నావా మొగులయ్యా?"

"విన్న. మంచిగ జెప్పిండు." మొగులయ్య గొంతు మెత్తబడింది. అతని కింద పనిచేసిన వాళ్ళెవరైనా ఉంటే ఆ మెత్తదనానికి భయపడేవాళ్ళు. "కొత్త మాస్కు నీ ముంగటనే పెట్టుకున్నడా?"

"నా ముంగటనే. గీ బల్ల కాడనే."

"తలకు ఎప్పుడు రుమాల్ కట్టుకుంటడు గద. అది తీసిండా?"

"తీసిండు. తియ్యకుంట మాస్కు ఎట్ల తగిలిచ్చుకుంటడు?"

"తగిలిచ్చుకున్నడు. మంచిగ నిలిచిందా?"

"నిలవక? రెండు చెవులకు గట్టిగ తగిలిచ్చుకున్నడు."

"రెండు చెవులకు?"

"మరి మూడు చెవులుంటయా అన్నా మనిషికి?"

ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు నవ్వారు. హరిప్రసాద్ నవ్వలేదు.

"మూడు లెవ్వు," అన్నాడు మొగులయ్య. "రెండు గూడ లెవ్వు. రాములుకు ఉన్నది ఒక్కటే చెవి."

మొగులయ్య నీలం మాస్కు ఎత్తి, తెగిన తాళ్ళు శేఖర్ ముందు పట్టాడు.

"నాలుగు నెలలు ఒక్క కప్పు కింద పనిచేసిన్రు. మాస్కు, మాస్కు మీద రుమాలు. ఆ మనిషి ముఖం ఎట్లుంటదో నువ్వు ఒక్కనాడు సూడలే శేఖర్. సంపేటప్పుడు గూడ సూడలే."

శేఖర్ నోరు తెరిచాడు. ఇంకా గడ్డం కిందే ఉన్న మాస్కును, ఎందుకో, అప్పుడు పైకి లాక్కున్నాడు. 

హరిప్రసాద్ అతని మెడ వెనక చొక్కా పట్టుకున్నాడు. "రాములు విమానం ఎక్కలేదు. ఆ కార్డు పెట్టుకుని ఎక్కింది నువ్వేనా?"

"సోమారమా?" అంది అనంతమ్మ. "సోమారం పొద్దుగాల బయటికి వోయొచ్చినంక శేఖర్ సార్ ఈడనే ఉండె. మధ్యాన్నం నాతోని కొట్లాడిండు, పౌడర్ తక్కువైందని."

"మరెవడు ఎక్కాడు?"

శేఖర్ నేల చూపులు చూశాడు. హరిప్రసాద్ గడియారం చూశాడు. "స్టేషన్‌లో చెబుతాడు. ముందు ఆ వ్యాను ఆపాలి." ఫోన్ చెవికి పెట్టుకుంటూ, మొగులయ్య వైపు చూడకుండా అన్నాడు. "సంతకం పెడతాను."

గెలిచినందుకు మొగులయ్యకు సంతోషం కలగలేదు. దవాఖాన వరండాలో కూర్చున్న శోభకు అతను మోసుకుపోతున్నది మొగుడిని కాదు, శవాన్ని.

* * *

మున్సిపాలిటీ వ్యాను ఇంజన్ ఆపకుండా నిలబడి ఉంది. హరిప్రసాద్ జీపు బానెట్ మీదే కాగితం పెట్టి నాలుగు ముక్కలు రాసి, సంతకం గీకి, శేఖర్‌ను తీసుకుని వెళ్ళిపోయాడు. ఒక కానిస్టేబుల్‌ను కూడా వదల్లేదు. శవాల గది దగ్గర ఉండటానికి ఎవరూ ముందుకు రాలేదు.

మార్చురీలో పనిచేసే రహీం గౌన్లు, టోపీలు, షీల్డులు మూడు జతలు తెచ్చి బెంచీ మీద పడేశాడు. ఈ ఆరు నెలల్లో అతను మోసినన్ని శవాలు అంతకుముందు పదేళ్ళలో మోసి ఉండడు. కళ్ళ కింద నల్లగా ఉంది.

"జల్దీ ఏస్కోండ్రి. ముఖం ఒక్కటే సూపిస్త. గీత దాటొద్దు, ముట్టుకోవద్దు. ఏడ్వొద్దని నేను జెప్ప అమ్మా, గని ముట్టుకోవద్దు."

శోభకు గౌను వేసుకోవడం రాలేదు. జంగయ్య వెనక నిలబడి తాళ్ళు కట్టాడు. పొద్దుటి నుంచి అతను చేస్తున్న సేవ చూస్తే ఎవరికైనా కడుపు నిండుతుంది. "నేనున్న గద వదినా," అంటున్నాడు. "ఏదైనా నేనున్న."

మొగులయ్య టోపీ తలకు పెట్టుకున్నాడు. ప్లాస్టిక్ పైకి జారింది. చెవుల మీదికి లాక్కోబోయి, చెయ్యి అక్కడే ఆపాడు.

టోపీ.

వీడియోలో ఆ మనిషి పదే పదే టోపీ ఎందుకు లాక్కున్నాడు? చెవులు దాచడానికి. ఎందుకు దాచాలి? రాములుకు ఒక చెవి లేదు కాబట్టి, తనకు రెండూ ఉన్నాయి కాబట్టి. తెలిసినవాడెవడైనా ఎదురైతే కళ్ళు చూసి మోసపోతాడు గానీ చెవి చూసి పట్టుకుంటాడు. ఇంత ఆలోచన చేసినవాడికి ఆ చెవి సంగతి తెలిసుండాలి. శేఖర్‌కు తెలియదు. షెడ్డులో ఎవరికీ తెలియదు. 'పెండ్లినాడు గూడ రుమాల్ తియ్యలే సారూ, గంత సిగ్గు ఆయనకు' అని శోభ పొద్దున చెప్పింది.

మరి తెలిసింది ఎవరికి?

"సాబ్, రాండ్రి," అన్నాడు రహీం.

లోపల చల్లగా ఉంది. మొగులయ్య షీల్డు దించుకున్నాడు. గది మొత్తం పాలలో ముంచినట్టు మసకబారింది. వయసు మీద పడింది, కళ్ళు కూడా పోతున్నాయనుకున్నాడు. రహీం టేపు కోశాడు. జిప్పు కిందికి దిగిన చప్పుడు గది ఈ చివరి నుంచి ఆ చివరికి పాకింది.

గీత దగ్గర శోభ మునివేళ్ళ మీద నిలబడింది.

"నాకు కండ్లవడ్తలేదు," అంది. "అంత మంచు లెక్క ఉన్నది. భయ్యా, ఇంకొక్క అడుగు దగ్గరికి రానియ్యు."

"నై అమ్మా. గీత దాటొద్దు."

"ఒక్క అడుగే భయ్యా. ఆయననో కాదో తెలుస్తలేదు. ఇంత దూరం ఒచ్చి సూడకుంట పోవాల్నా?"  చేతులతో గాలిలో తడుముకుంటోంది, కళ్ళుండీ గుడ్డిదానిలా.

అప్పుడు జంగయ్య చెయ్యి లేచింది. ఆమె షీల్డు పైమూల గోటితో గీకాడు. కనీ కనపడని సన్నని పొర ఒకటి లేచింది. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని పైనుంచి కిందికి చర్రున లాగేశాడు.

"పొర ఉంటది వదినా," అన్నాడు. "తియ్యాలె."

శోభ చూసింది. నీళ్ళలో ఉబ్బిన ముఖం. ఎడమ పక్క చెవి ఉండాల్సిన చోట, చిన్నప్పుడే మానిపోయిన చర్మపు ముడత. ఆమె అరవలేదు. చెయ్యి మాత్రం తన ఎడమ చెవి మీదికి పోయింది.

"ఆయననే," అంది.

రహీం తల వంచుకున్నాడు. మొగులయ్య శవం వైపు చూడలేదు. మసక వెనక నుంచి, జంగయ్య వేళ్ళ మధ్య వేలాడుతున్న ఆ పొరనే చూస్తున్నాడు. తన షీల్డు పైమూలకు గోరు పోనిచ్చి గీకాడు. లేచింది. లాగాడు. గది అద్దంలా తేటపడింది.

విమానం గేటు దగ్గర ఆ అమ్మాయి గీకి చూపించింది ఇదే. తాడుకు తగిలి తూలినవాడు ఆ తరవాత తిన్నగా నడిచింది ఇందుకే. పొద్దున ఆ వీడియో చూసిన నలుగురిలో ఆమె ఏం చెప్పిందో సీఐకి తెలియదు. తనకు తెలియదు. శోభకు తెలియదు. అక్కడ నిలబడి ఆమె నోటితో విన్నవాడికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

తలుపు దగ్గర ఎవరూ లేరు. మొగులయ్య నడిచి వెళ్ళి, తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"జంగయ్యా," అన్నాడు. "కర్నూలు కిరాయిల నేర్సుకున్నవా ఇది? పొర ఉంటదని నీకెవ్వరు జెప్పిన్రు?"

జంగయ్య తలుపు వైపు చూశాడు. మాస్కు దించలేదు. ఆ గుడ్డ మాత్రం ముక్కు దగ్గర లోపలికీ బయటికీ, లోపలికీ బయటికీ కొట్టుకుంది. చేతిలోని పొర జారి నేల మీద పడింది.

శోభ మెల్లగా అతని వైపు తిరిగింది. ఇప్పుడు ఇద్దరి మధ్యా మసక లేదు. మరిది ముఖంలో మాస్కుకూ టోపీకీ మధ్య మిగిలిన ఆ కొంచెం చోటును ఆమె చూసింది. పొద్దున ఫోనులో ఎంతసేపు చూసిందో, అంతసేపు చూసింది.

"గా కండ్లే," అంది శోభ. "పొద్దుగాల ఫోన్ల సూశిన కండ్లు గియే."